గేటుకు పనికొచ్చే ఇనుము ఏటీవీకి ఎందుకు బరువు

క్లుప్తంగా

ఏటీవీకి, అంటే ఎలాంటి నేల మీదైనా నడిచే నాలుగు చక్రాల చిన్న బండికి, ఊళ్లో చేయించుకున్న ర్యాకులు, బంపర్లు విరిగితే చాలామంది ఇనుము చాలలేదనుకుంటారు. చాలాసార్లు సంగతి తిరగబడి ఉంటుంది. ఇనుము ఎక్కువైంది, అది చేరకూడని చోట చేరింది, ఊగులాట అంతా ఒక్క అతుకు మీద పడింది. తీరం దగ్గర ఉప్పు గాలి కూడా తోడైతే ఆ అతుకు ఇంకా ముందే పోతుంది.

నాలుగు లావుపాటి టైర్లు, మోటార్ సైకిల్ లాంటి హ్యాండిల్, గుర్రం మీద కూర్చున్నట్టు చెరోవైపు కాళ్లు వేసుకునే సీటు. ఏటీవీ రూపం ఇంతే. కారు టైరులో కొట్టే గాలిలో ఐదో వంతు కొడితే దీని టైరుకు సరిపోతుంది. అందుకే ఇసుకలో దిగబడదు, దుక్కిలో కూరుకుపోదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికి దొరికే పని రెండు రకాలు. ఒకటి తీరంలో సరదా సవారీ. రెండోది తోట పని. ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్లో ట్రాక్టరు పట్టని చెట్ల వరుసల మధ్య మందు కొట్టే ట్యాంకు, జీడిపిక్కల బస్తా, కొబ్బరి గెలలు మోయడానికి ఇంత చిన్న బండి అక్కరకొస్తుంది.

షోరూమ్ నుంచి వచ్చిన బండికి ఈ పనులకు కావలసిన సామానంతా ఉండదు. కంపెనీ సామాను తెప్పించుకోవచ్చు గానీ ధరా ఎక్కువే, ఎదురుచూపూ ఎక్కువే. చివరికి బండి గ్రిల్స్, గేట్లు, ట్రాక్టర్ తొట్టి తలుపులు చేసే వెల్డింగ్ షాపు ముందుకే వస్తుంది. ఆ షాపు పనితనానికి వంక పెట్టడానికి లేదు. తేడా వచ్చేది అలవాటులో. గేటు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని ఎంత బరువుగా చేస్తే అంత గట్టి. ఏటీవీ గంతులేస్తుంది, మెలి తిరుగుతుంది, పక్కకు ఒరుగుతుంది. గేటుకు బలమైన బరువే ఇక్కడ భారమవుతుంది.

కిలో లెక్క

ఇనుప పనికి ఇక్కడ రేటు ఎక్కువగా కిలో లెక్కన మాట్లాడుకుంటారు. తూకం వేసి చూపిస్తారు కాబట్టి మోసం జరగదని కొనేవారికి ధీమా. గేటుకు ఈ లెక్క బాగానే నడుస్తుంది. ఏటీవీ సామానుకు అదే లెక్క పెడితే ఇనుము తగ్గించే పనికి గిట్టుబాటు ఉండదు. సన్నటి ట్యూబును కొలిచి వంచి, అట్ట ముక్కతో నమూనా కోసి, నాలుగు కిలోల్లో ముగించిన పనికి ఒక పూట పడుతుంది. యాంగిల్, ఫ్లాట్ పట్టీలు కోసి అతికేస్తే గంటన్నరలో పన్నెండు కిలోలు తూగుతుంది. చేతిలో పట్టుకుని చూసే యజమానికీ ఆ రెండోదే గట్టిగా అనిపిస్తుంది. తప్పు ఎవరిదనే ప్రశ్న ఇక్కడ పెద్దగా పనికిరాదు; రేటు కట్టే పద్ధతే బరువు వైపు తోస్తోంది.

దీని వెనక ఇంకో వారసత్వం ఉంది. సాలూరు లారీల ఊరు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లకముందు విజయనగరం జిల్లాలోనే ఉండేది. లారీ పనులు చూసి నేర్చుకున్న చేతికి ఇరవై కిలోలు అటూ ఇటూ అయినా లెక్కలోకి రాదు. పది టన్నులు మోసే చాసిస్‌కు ఇరవై కిలోలు ఎంత? ఏటీవీ సంగతి వేరు. చాలా మోడళ్లలో ముందు ర్యాకు మీద పెట్టదగ్గ బరువు 30 నుంచి 55 కిలోలు, వెనక ర్యాకుకు 60 నుంచి 110 కిలోలు. ఆ అంకె బండి మీద అంటించిన స్టిక్కరు పైనో, మాన్యువల్‌లోనో ఉంటుంది. కొత్తగా బిగించిన ఇనుము బరువును కూడా అందులోంచే తీసేయాలి. ముప్పై కిలోలు ఆగే ముందు ర్యాకుకు పన్నెండు కిలోల అదనపు ర్యాకు బిగిస్తే సామానుకు మిగిలేది పద్దెనిమిదే.

ఊచ, పైపు, ట్యూబు

ఇల్లు కట్టించుకున్న ఎవరికైనా 16 ఎంఎం ఊచ మీటరుకు 1.58 కిలోలు తూగుతుందని తెలిసే ఉంటుంది. దాదాపు అదే బరువులో, మీటరుకు 1.48 కిలోలే తూగే ట్యూబు ఒకటి ఉంది: బయటి వ్యాసం 32 ఎంఎం, గోడ మందం 2 ఎంఎం. వంగకుండా నిలబడే గుణంలో, అంటే బిగువులో, ఈ ట్యూబు ఆ ఊచకు ఆరు రెట్లకు పైనే. లోహం రెండింటిలోనూ అదే. ట్యూబులో అది నడిమి నుంచి దూరంగా జరిగింది. ఏదైనా వంగేటప్పుడు సాగేది, నలిగేది అంచులే. నడిమిలోని ఇనుము ఊరికే కూర్చుని తూకానికి మాత్రం పనికొస్తుంది. వెదురు బోలుగా ఉండి కూడా గాలికి నిలబడేది ఇందుకే.

ట్యూబుల్లో ట్యూబులు పోల్చినా ఇదే వరస. అంగుళం ట్యూబు 3 ఎంఎం గోడతో మీటరుకు 1.66 కిలోలు. పైన చెప్పిన 32 ఎంఎం, 2 ఎంఎం ట్యూబు దానికంటే బరువు తక్కువ, బిగువు సగానికి పైగా ఎక్కువ. ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా ఏటీవీ తయారుచేసి నడిపే బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీ 2007లో మొదలైంది. డ్రైవరు చుట్టూ ఉండే పంజరం గురించి అక్కడి నియమం కూడా ఈ దారిలోనే ఉంటుంది. అంగుళం వ్యాసం, 3 ఎంఎం గోడ, కనీసం 0.18 శాతం కార్బన్ ఉన్న ఉక్కు వాడొచ్చు. లేదా అంత బిగువు, అంత బలం వస్తుందని లెక్క కట్టి చూపిస్తే వేరే కొలత ట్యూబైనా వాడుకోవచ్చు. గోడ మరీ పలచబడకుండా అడుగు హద్దు ఒకటి పెట్టారు. ఆ హద్దుకూ కారణం ఉంది. గోడ పలచనైతే రాయి తగిలినచోట సొట్ట పడుతుంది, సొట్ట పడిన ట్యూబు అక్కడే మడత పడుతుంది.

షాపులో ఎక్కువ తికమక పెట్టేది 'అంగుళం పైపు' అన్న మాట. నీళ్ల పైపుకు చెప్పే అంగుళం లోపలి దారికి దగ్గరి కొలత. దాని బయటి వ్యాసం 33.7 ఎంఎం. ట్యూబుకు చెప్పే అంగుళం బయటి కొలతే, 25.4 ఎంఎం. కంపెనీ క్లాంపు అంగుళానికి ఉంటే నీళ్ల పైపు అందులో దూరదు. నీళ్ల పైపులో మళ్లీ మూడు తరగతులు. పసుపు పట్టీ ఉన్నది తేలిక రకం, నీలం మధ్య రకం, ఎరుపు బరువు రకం. నీలం పట్టీ అంగుళం పైపు మీటరుకు 2.4 కిలోలు తూగుతుంది. ర్యాకుకు అంత అక్కర్లేదు. పైగా జీఐ పైపైతే అతికే ముందు జింకు పూత గ్రైండరుతో పూర్తిగా తీసేయాలి. ఆ పూత కాలితే వచ్చే తెల్లటి పొగ పీల్చిన వెల్డరుకు సాయంత్రానికి చలీ జ్వరం వస్తాయి.

బరువు ఎంత అన్నది సగమే, ఎక్కడ అన్నది మిగతా సగం

మందు ట్యాంకు ఉదాహరణ తీసుకుంటే విషయం తేలికగా తెలుస్తుంది. బండి, నడిపే మనిషి కలిసి 370 కిలోలు, ఆ బరువు కేంద్రం నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున, రెండు పక్కల చక్రాల మధ్య దూరం మీటరు అనుకుందాం. కదలకుండా నిలబెట్టి పక్కకు వంచితే దాదాపు 40 డిగ్రీల దాకా బండి పడదు. ఇప్పుడు 60 కిలోల ట్యాంకును స్టాండు మీద 110 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే ఆ కోణం 37 డిగ్రీలకు దిగుతుంది. అదే ట్యాంకును 80 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే 38 దాటి ఉంటుంది. తేడా రెండు డిగ్రీలే కదా అనిపించవచ్చు. ఇది కదలని బండి లెక్క. మలుపు తిరుగుతూ, ఒక చక్రం గట్టు ఎక్కినప్పుడు బండి ఈ కోణానికి చాలా ముందే పడిపోతుంది. ఆ కాస్త మిగులు అప్పుడు అక్కరకొస్తుంది.

నీళ్లది ఇంకో పేచీ. నిండిన ట్యాంకు ఒకే ముద్దలా కదులుతుంది. సగం ఖాళీ అయిన ట్యాంకులో నీళ్లు మలుపు బయటివైపుకు దొర్లి అక్కడే బరువు పెడతాయి. ట్యాంకు లోపల చిల్లులున్న అడ్డు రేకులు పెట్టేది ఆ దొర్లుడు తగ్గించడానికే. లోపల అడ్డు లేని ప్లాస్టిక్ డ్రమ్మును పెద్ద ఇనుప స్టాండులో ఎంత గట్టిగా కట్టినా నీళ్లు ఆగవు.

చిన్న తొట్టి లాగే కొక్కెం విషయంలో ఎడ్లబండి తెలిసినవారికి కొత్తగా చెప్పేదేమీ లేదు. ధాన్యం బస్తాలు వెనక్కి ఎక్కువ సర్దితే కాడి పైకి లేస్తుంది, ముందుకు మరీ సర్దితే ఎడ్ల మెడ మీద పడుతుంది. అందుకే ఇరుసుకు కాస్త ముందు మొగ్గు ఉండేలా సర్దుతారు. ఏటీవీ తొట్టికి ఇంజినీర్లు చెప్పే కొలతా ఇదే: తొట్టి మొత్తం బరువులో పదో వంతు కొక్కెం మీద పడాలి. ఎడ్లబండిలో లేని ప్రమాదం ఒకటి ఇక్కడుంది. కొక్కెం వెనక ఇరుసు కంటే ఎత్తులో ఉంటే, బరువు లాగేటప్పుడు బండి ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. తాడు తెచ్చి వెనక ర్యాకుకు కట్టి దుంగ లాగించడం ఈ తప్పులోకే వస్తుంది. కొక్కెం ఇరుసు మట్టానికి కిందే, చాసిస్‌కే బిగించి ఉండాలి.

పగులు ఎక్కడ మొదలవుతుంది

విరిగిన ర్యాకును దగ్గరగా చూస్తే పైపు మధ్యలో విరిగింది దాదాపు కనబడదు. విరిగేది అతుకు పక్కన, పూసిన లోహం ఆగి పైపు మొదలయ్యే గీత దగ్గర. మొదట అక్కడ పెయింటు వెంట్రుక మందాన చీలుతుంది. కొన్నాళ్లకు ఆ చీలిక నుంచి కిందికి ఎర్రటి మరక కారుతుంది. వానకు తుప్పు పట్టిందనుకుని గుడ్డతో తుడుస్తారు. నిజానికి అది పగులు రెండు పెదాలూ ఒకదాన్నొకటి రాసుకుని రాల్చిన పొడి. ఆ మరక మళ్లీ మళ్లీ అదే చోట వస్తుంటే పగులు లోపల నడుస్తోందని గుర్తు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఒక్క దెబ్బకు తట్టుకునే బలం వేరు, లక్ష చిన్న ఊపులకు తట్టుకునే ఓపిక వేరు. తీగను ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ పది సార్లు వంచితే విరుగుతుంది. తోట దారిలో సెకనుకు రెండు కుదుపులు చొప్పున లెక్కేసినా గంటకు 7,200. వెల్డింగ్ అతుకుల ఓపికను ఇంజినీర్లు 20 లక్షల ఊపుల దగ్గర కొలుస్తారు. రోజుకు రెండు గంటలు తిరిగే బండి ఆ అంకెను అయిదు నెలల్లో దాటేస్తుంది. ఇందులో పెద్దగా తెలియని విషయం ఒకటుంది. ఖరీదైన, గట్టి ఉక్కు వాడినంత మాత్రాన అతుకు ఓపిక పెరగదు. అతుకు అంచున ఉండే సన్నటి గాడి, అక్కడ ఒక్కసారిగా మారే మందం, చల్లారేటప్పుడు లోపల మిగిలే బిగింపు, ఇవే పగులు ఎప్పుడు మొదలవుతుందో నిర్ణయిస్తాయి.

ఇక వెల్డింగ్ రాడ్డు ఎంపిక. షాపులో ఎప్పుడూ దొరికే 3.15 ఎంఎం రాడ్డుకు తగిన కరెంటు పెడితే 2 ఎంఎం గోడ కరిగి చిల్లు పడుతుంది. ఆ చిల్లు పూడ్చడానికి ఇంకా లోహం పోస్తారు. చూడ్డానికి లావుగా, గట్టిగా కనిపిస్తుంది గానీ పక్కనున్న గోడ వేడికి పలచబడి ఉంటుంది. 2.5 ఎంఎం రాడ్డు, తక్కువ కరెంటు, ముక్కముక్కలుగా ఆపి ఆపి వేసే అతుకు పలచటి ట్యూబుకు సరైన దారి. సీఓటూ వెల్డింగ్ మెషీన్ (రాడ్డు బదులు తీగ, గ్యాసు వాడేది) ఉంటే ఇంకా సులువు. అల్యూమినియంకు ఈ రెండూ కావు, టిగ్ వెల్డింగ్ తెలిసిన చేయి కావాలి.

పగిలిన అతుకు మీదే మళ్లీ ఇంకో పొర వేయడం అందరూ చేసేదే. పగులు లోపలే ఉంటుంది, నెల తిరక్కుండా పక్కకు జరిగి బయటపడుతుంది. పద్ధతి ప్రకారమైతే పగులు చివరను వెతికి చిన్న రంధ్రం వేస్తారు, పగులంతా గ్రైండరుతో తవ్వి తీసేస్తారు, ఆ తర్వాతే నింపుతారు. మూల బలానికి వేసే త్రికోణపు ముక్క కూడా మందంగా ఉండి ఉన్నట్టుండి ఆగిపోతే దాని చివరే కొత్త పగులుకు మొదలవుతుంది. ముక్క చివర్లు సన్నగా తేలిపోయేలా కోయాలి. ర్యాకును చాసిస్‌కు నేరుగా అతికేయకుండా రబ్బరు పెట్టి క్లాంపుతో బిగిస్తే ఊపులో కొంత రబ్బరు మింగేస్తుంది.

బండి మీదే వెల్డింగ్ చేయక తప్పకపోతే ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, ఎర్త్ క్లాంపు అతికే చోటుకు జానెడు దూరంలోనే పెట్టాలి. క్లాంపు వెనక చక్రం దగ్గర తగిలించి ముందు బంపరు అతికితే కరెంటు బేరింగుల గుండా దారి చూసుకుంటుంది. ఆ బేరింగు తర్వాత ఎప్పుడో మోత మొదలెడుతుంది. వెల్డింగుకూ దానికీ లంకె ఎవరికీ తట్టదు.

కింద వేసే రేకు

రాళ్లు, మొద్దులు ఇంజను అడుగుకు తగలకుండా వేసే రేకుకు ఎక్కువమంది అడిగేది 3 ఎంఎం ఇనుము. చదరపు మీటరుకు 23.5 కిలోలు. దాని బదులు 5 ఎంఎం అల్యూమినియం వేస్తే 13.5 కిలోలే. అల్యూమినియం మెత్తన కదా అన్న అనుమానం సహజం. లోహంగా చూస్తే ఉక్కు బిగువులో దానిది మూడో వంతే. అయితే రేకు బిగువు మందానికి మూడు ఘాతంలో పెరుగుతుంది (మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు). ఆ లెక్కన 5 ఎంఎం అల్యూమినియం రేకు 3 ఎంఎం ఇనుప రేకు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బిగువు, బరువు నలభై శాతం తక్కువ. ఇనుము గెలిచేచోటూ ఉంది. పదునైన రాతి మీద గీసుకుంటూ పోయే కొండ దారిలో అల్యూమినియం త్వరగా అరిగిపోతుంది. తీరం ఇసుకకు, తోట మట్టికి ఆ బెడద తక్కువ.

ఏ రేకైనా బురద దిగడానికి రంధ్రాలు, ఇంజన్ ఆయిల్ మార్చే బోల్టుకు అందే దారి ఉండాలి. లేకపోతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ రేకంతా విప్పాలి.

ఉప్పు గాలి

బారువ, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో తిరిగే బండి ఇనుముకు బయటి తుప్పు కంటే లోపలి తుప్పుతోనే ఎక్కువ నష్టం. రెండు చివర్లూ మూసేసిన బాక్స్ పైపులో గాలి పగలు వేడికి ఉబ్బుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటూ సూదిమొనంత సందు దొరికినా తేమను లోపలికి లాక్కుంటుంది. బయట పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల గోడ కరిగిపోతుంది. పైపు అడుగున ఆరు ఎంఎం రంధ్రం ఒకటి వేస్తే నీరు దిగిపోతుంది. జింకులో ముంచి పూత వేయించాలనుకుంటే ఆ రంధ్రం తప్పనిసరి. 450 డిగ్రీల జింకులో మూసిన పైపు ముంచితే లోపలి తేమ ఆవిరై పైపు పేలిపోవచ్చు.

తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులతో అల్యూమినియం రేకు బిగిస్తే బోల్టు బాగానే ఉండి రేకు చుట్టూ తెల్లటి పొడై రాలుతుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే బ్యాటరీలో జరిగేదే అక్కడా జరుగుతుంది, అందులో అల్యూమినియం కరిగే వైపు ఉంటుంది. మధ్యలో నైలాన్ వాషరు పెడితే ఆ దారి చాలావరకు తెగిపోతుంది.

బంపరు, లైట్లు, చట్టం

ముందు బంపరు విషయంలో రెండు పొరపాట్లు కలిసి జరుగుతాయి. గ్రిల్‌లా కాకుండా మొత్తం రేకు మూసేస్తే రేడియేటరుకు గాలి అందదు. రోహిణి కార్తె ఎండలో నెమ్మదిగా తోట దున్నుకుంటూ పోయే బండికి అది వెంటనే తెలుస్తుంది. బంపరు వంగనంత గట్టిగా ఉంటే దెబ్బ నేరుగా చాసిస్‌కు వెళ్తుంది. బంపరు బిగించే పట్టీలు చాసిస్ కంటే ముందు వంగేలా ఉండాలి, పట్టీ మార్చుకోవడం చవక కాబట్టి.

మామూలు ఏటీవీ రిజిస్ట్రేషన్ లేని బండి. తోటలో, సొంత స్థలంలో తిరగాలే తప్ప ప్రజా రహదారి ఎక్కకూడదు. దానికి ఎన్ని లైట్లు, ఇండికేటర్లు బిగించినా ఆ హోదా మారదు. రిజిస్ట్రేషన్ ఉన్న ఏ వాహనానికైనా 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వాహనాల ముందు బిగించే క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

లైట్ల పట్టీకి తీరంలో చట్టంతో పాటు ఇంకో అడ్డు ఉంది. శ్రీకాకుళం తీరం ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. ఇసుకలోంచి రాత్రిపూట బయటికి వచ్చే పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి, మామూలుగా అది సముద్రం. ర్యాకు మీద వెలిగే ఎల్ఈడీ పట్టీ వాటిని ఊరివైపు తిప్పేస్తుంది. టైరు కింద గూళ్లు నలగడం సరేసరి.

పని వరస

చేసే క్రమం మారితే ఇదే షాపులో, ఇవే మెషీన్లతో తేడా వస్తుంది. ముందు అట్ట ముక్కతో నమూనా కోసి బండి మీద పెట్టి చూడటం. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, వెనక ఇద్దరిని కూర్చోబెట్టి స్ప్రింగులు కుంగినప్పుడు ఎక్కడా తగలకుండా చూసుకోవడం. ట్యూబు వంచేటప్పుడు మడత పడకుండా లోపల ఎండు ఇసుక దట్టించి చివర్లు బిగించి వంచడం. బెండర్ మెషీన్ లేని షాపుకు ఇదే దిక్కు, బాగానే పనిచేస్తుంది. ఆ తర్వాత అన్ని ముక్కలూ బండి మీదే ట్యాక్ (తాత్కాలికంగా నిలిపే చిన్న చుక్క అతుకు) వేసి, విప్పి, కింద బల్ల మీద పూర్తి అతుకు వేయడం. పూర్తి వెల్డింగ్ అయ్యాక వేడికి అటూ ఇటూ లాగి రంధ్రాలు కలవవు. అప్పుడు సుత్తితో కొట్టి బలవంతంగా బిగిస్తే ఆ లాగుడు ర్యాకులో ఎప్పటికీ ఉండిపోతుంది, పగులుకు సగం పని అక్కడే అయిపోతుంది. రంధ్రాన్ని కాస్త పొడవుగా సాగదీసి, పెద్ద వాషరు వేసి బిగించడమే మేలు. పెయింటు చివరి పని. రంగు వేసి ఎండబెట్టాక రంధ్రాలు వేస్తే తుప్పు ఆ అంచుల నుంచే లోపలికి పోతుంది.

బోల్టులు 8.8 అని (అది బలం తరగతి) తల మీద రాసి ఉన్నవి, నైలాన్ రింగున్న నట్టులు. బిగించాక నట్టు మీద నుంచి పట్టీ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తారు. మొదటి రెండు మూడు రోజులు తిరిగాక ఆ గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే నట్టు వదులైనట్టే, పానా తీసుకోవాలి.